గాలికి కులం లేదట!

పర్యావరణం మీద సభ ఎక్కడ పెట్టినా పెద్దలు తప్పకుండా అనే మాట ఒకటుంది. "గాలికి కులం లేదు, మతం లేదు, అందరం ఒకే గాలి పీలుస్తున్నాం" అంటారు. జనం చప్పట్లు కొడతారు. నేను కొట్టను. గాలికి కులం లేకపోవచ్చు. కానీ చమురు ట్యాంకు నుంచి ఎవరి ఇల్లు ఎన్ని అడుగుల్లో ఉందో కొలిచి చూడండి. ఆఫీసర్ల క్వార్టర్లు ఎటు కట్టారు, కూలోళ్ళ పేట ఎటు పడింది, గాలి ఎటు నుంచి ఎటు వీస్తుంది, ఈ మూడూ ఒక కాగితం మీద గీసుకోండి. గాలికి లేని కులం నేలకి ఎంత ఉందో తెలిసిపోతుంది.

ఈ విషయం మీద రాస్తానంటే మన కార్యకర్త ఒకాయన నవ్వాడు. "మాస్టారూ, మనకి భూమి లేదు, శవాన్ని పూడ్చడానికి శ్మశానం లేదు, హాస్టల్లో పిల్లలకి అన్నం సరిగా లేదు. మీరు పెట్రోలు ఆవిరి మీద పడ్డారేంటి?" అన్నాడు. అతను అన్నదాంట్లో న్యాయం ఉంది. గాలి గురించి మాట్లాడేవాళ్ళు ఇన్నాళ్ళూ మన గురించి మాట్లాడలేదు, కాబట్టి మనమూ గాలి గురించి మాట్లాడలేదు. కానీ తమ్ముడూ, ఇది కూడా భూమి తగువే. కాకపోతే భూమికి పైన ఉన్న తగువు.

ముందు ట్యాంకు సంగతి చూద్దాం. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఎనిమిదో తరగతి పిల్లలకి అర్థమయ్యే సంగతి పెద్దలకి అర్థం కాకుండా పోదు.

ముడిచమురు, పెట్రోలు, నాఫ్తా ఇవేవీ నీళ్ళలాగా ఊరికే ఉండేవి కావు. ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటాయి. ట్యాంకులో చమురు పైన ఉన్న ఖాళీ జాగా అంతా ఆ ఆవిరే. ఓడ నుంచో పైపులైను నుంచో కొత్త సరుకు నింపుతుంటే మట్టం పైకి లేస్తుంది. మరి పైనున్న ఆవిరి ఎక్కడికి పోవాలి? ఖాళీ సీసాకి గరాటు పెట్టి కిరసనాయిలు పోసేటప్పుడు గాలి బుడబుడమని బయటికి తన్నుకొస్తుంది చూశారా, అదే ఇది. కాకపోతే ఇక్కడ సీసా మూడు తాటిచెట్ల వెడల్పుంటుంది.

నింపకపోయినా ఆవిరి వస్తుంది. పగలు ఎండకి ట్యాంకు రేకు కాలి లోపలి ఆవిరి ఉబ్బుతుంది, పైన ఉన్న గొట్టంలోంచి బయటికొస్తుంది. రాత్రి చల్లబడి బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. మళ్ళీ తెల్లారి ఎండెక్కగానే వదుల్తుంది. ఇంజనీర్లు కూడా దీన్ని ట్యాంకు 'ఊపిరి' అనే అంటారు. అది వదిలిన ఊపిరి మనం పీలుస్తాం.

ఇంక మూడోది గోళీసోడా. చమురు బావి నుంచి వచ్చే నూనె ఒత్తిడి మీద ఉంటుంది, అందులో గ్యాసు కరిగి ఉంటుంది. దాన్ని సెపరేటర్ దాటించి మామూలు ట్యాంకులోకి వదిలేసరికి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గుతుంది. సోడాబుడ్డి గోళీ నొక్కితే ఏమవుతుంది? బుస్సుమని పొంగుతుంది. ఈ పొంగులో వచ్చే గ్యాసు పై రెండిటికన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. బావుల దగ్గర ట్యాంకుల కథ ఇది. రిఫైనరీల్లో, డిపోల్లో ఎక్కువగా మొదటి రెండే.

అయితే ఇది ఆపలేనిదా? అసలు చెప్పాలనుకున్నది ఇదే. ఇది దేవుడు రాసిన రాత కాదు. ఆపే పద్ధతులు దశాబ్దాల నుంచి ఉన్నాయి, అందులో రాకెట్ విద్య ఏమీ లేదు. పాల మీద మీగడ చూడండి. పాలు తగ్గితే మీగడా కిందికి దిగుతుంది, మధ్యలో ఖాళీ ఉండదు. అలాగే చమురు మీద తేలే కప్పు వేస్తారు. చమురు పెరిగితే కప్పు లేస్తుంది, తగ్గితే దిగుతుంది. ఖాళీ జాగా లేకపోతే ఆవిరి నిలవ ఉండదు. ఇంక కప్పుకీ ట్యాంకు గోడకీ మధ్య చుట్టూ ఉండే సందు. దానికి కుక్కరు మూతకి రబ్బరున్నట్టు సీలు ఉంటుంది. ఒకటి చాలదు, ఒకదానిమీద ఇంకొకటి, రెండు సీళ్ళు ఉండాలి. తేలే కప్పు పెట్టడానికి కుదరని ట్యాంకుల్లో ఆవిరిని గొట్టం ద్వారా పట్టి, మళ్ళీ ద్రవంగా మార్చి వాడుకుంటారు, లేదా కాల్చేస్తారు. ట్యాంకుకి తెల్లరంగు వేస్తే ఎండ తక్కువ పట్టి ఆ మేరకు ఊపిరీ తగ్గుతుంది. రంగు వెలిసి తుప్పెక్కిన ట్యాంకు కనపడిందంటే అది కంటికింపుగా లేకపోవడం ఒక్కటే కాదు, ఎక్కువ ఆవిరి వదుల్తోందని అర్థం.

ఇవన్నీ నేను కోరుకుంటున్న కోరికలు కావు, చట్టంలో ఉన్నవి. 2008 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ రిఫైనరీలకి ప్రమాణాలు ప్రకటించింది. తేలే కప్పుల ట్యాంకులకి రెండు సీళ్ళుండాలని, పై సీలు దగ్గర సందు 1.3 సెంటీమీటర్లు దాటకూడదని, ఆ సందుని ఆరు నెలలకొకసారి కొలవాలని, తేడా ఉంటే త్వరగా బాగుచెయ్యాలని, ట్యాంకులకి తెల్లరంగు వెయ్యాలని అందులో రాసి ఉంది. మన వేలి మందం కూడా లేని సందు గురించి ఢిల్లీలో కూర్చుని గెజిట్‌లో రాశారు. అంటే ఆ సందులోంచి ఏం వస్తుందో వాళ్ళకి తెలుసు. తెలియనిదల్లా ఆ సందు కింద బతికే మనకే.

ఏం వస్తుంది? అందులో బెంజీన్ ఉంటుంది. అది రక్త క్యాన్సర్ తెస్తుందని ప్రపంచమంతా ఒప్పుకున్న విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే దీనికి ఇంత వరకు పర్వాలేదని చెప్పే మోతాదే లేదంది. మన దేశంలో 2009లో పెట్టిన లెక్క ప్రకారం ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదు. పెట్రోల్లో బెంజీన్ నూటికి ఒక వంతు మించకూడదని వేరే నిబంధన. వీటితో పాటు తలనొప్పి, కళ్ళమంట, వాంతులు తెచ్చే ఆవిర్లు ఇంకా ఉన్నాయి. కొన్ని రకాల ముడిచమురులో కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. దాని దుర్మార్గం ఏమిటంటే మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారి కంపు తెలియడం ఆగిపోతుంది. కంపు పోయింది, బతికాం అనుకునే మనిషి నిజానికి చావుకి దగ్గర పడ్డట్టు. ఒక మీటింగులో కంపు సంగతి అడిగితే ఒక అధికారి "కొన్నాళ్ళకి అలవాటైపోతుందండీ" అన్నాడు. పేరు రాయను. ఆయన ఇల్లు అక్కడికి పదిహేను కిలోమీటర్లు.

ఇప్పుడు బొంబాయి వెళ్దాం. ఎందుకంటే ఈ తగువుని మన దేశంలో గట్టిగా పట్టుకుని కోర్టు దాకా లాగినవాళ్ళు అక్కడున్నారు. చెంబూరు పక్కన మాహుల్, అంబాపాడ అని రెండు ఊళ్ళున్నాయి. మాహుల్ పాతకాలపు కోలీల ఊరు, చేపలు పట్టుకు బతికేవాళ్ళది. చుట్టూ హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్ రిఫైనరీలు, చమురూ రసాయనాలూ నిలవ చేసే ట్యాంకుల కంపెనీలు వచ్చి కూర్చున్నాయి. కంపు భరించలేక ఊరివాళ్ళు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళారు. కేఈఎం ఆసుపత్రి డాక్టర్లు అంతకుముందు చేసిన సర్వేలో నూటికి 67 మంది నెలలో మూడుసార్లకి పైగా ఆయాసం వస్తోందన్నారు. నూటికి 86 మంది కళ్ళు మండుతున్నాయన్నారు. ట్రిబ్యునల్ 2015 డిసెంబరులో ఊరివాళ్ళ మాట నిజమేనంది. 2020 ఆగస్టులో కంపెనీల మీద మొత్తం 286 కోట్ల పైచిలుకు వేసింది. ఏజిస్ అనే నిలవ కంపెనీకి 142 కోట్లు, హెచ్‌పీసీఎల్‌కి 76.5 కోట్లు, బీపీసీఎల్‌కి 67.5 కోట్లు, సీలార్డ్‌ కంటైనర్స్‌కి 20 లక్షలు. పేరున్న రిఫైనరీల కన్నా ట్యాంకులు అద్దెకిచ్చే కంపెనీ మీద ఎక్కువ పడింది, గమనించండి. పొగగొట్టం కనపడుతుంది కాబట్టి అందరూ దాన్నే తిడతారు. ట్యాంకు నోరు మూసుకుని నిలబడి ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

కథ అక్కడితో అయిపోలేదు. బొంబాయికి మంచినీళ్ళు తెచ్చే తాన్సా పైపులైను ఒకటుంది. దాని పక్కన గుడిసెలేసుకుని బతుకుతున్న వేల కుటుంబాల్ని, పైపుకి ప్రమాదమని చెప్పి 2017 నుంచి లేపేశారు. లేపి ఎక్కడ పడేశారు? మాహుల్‌లో. ఆ గాలి బతకడానికి పనికిరాదని ట్రిబ్యునల్ చెప్పిన రెండేళ్ళకి! ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళు, రోజుకూలీలు, ఆటోలు తోలేవాళ్ళు. మంచినీళ్ళ పైపు పక్కన ఉండటానికి వీల్లేదు, చమురు ట్యాంకు పక్కన ఉండొచ్చు! ఇందులో వాళ్ళు ఏమాలోచించారో మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. వెలివాడ ఎక్కడుండాలో నిర్ణయించే బుద్ధి పల్లెలోనే ఉందనుకుంటాం, అది పట్నంలో ప్లాను గీసే టేబులు మీద కూడా ఉంది. ఆ కుటుంబాలు ఊరుకోలేదు. రోడ్డు మీద నెలల తరబడి కూర్చున్నారు, కోర్టుకెళ్ళారు. 2019లో బొంబాయి హైకోర్టు వాళ్ళని మాహుల్‌లోనే ఉండమని బలవంతపెట్టకూడదంది. వేరే ఇల్లివ్వలేకపోతే నెలకి 15 వేలు అద్దె, 45 వేలు డిపాజిట్ ఇవ్వాలంది.

"ట్యాంకులు ముందొచ్చాయి, మీరు తర్వాత వచ్చారు" అని మనల్ని ఎప్పుడూ అంటుంటారు గదా. మాహుల్‌లో ఒకళ్ళు ముందునుంచీ ఉన్నవాళ్ళు, రెండోవాళ్ళని ప్రభుత్వమే తెచ్చి పెట్టింది. మరి ఇందులో తప్పుకొచ్చినవాళ్ళెవరు?

మన విశాఖపట్నం సంగతి కూడా చెప్పుకోవాలి. అక్కడి రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైంది, 1978 నుంచి హెచ్‌పీసీఎల్. 1997 సెప్టెంబరు 14న తెల్లవారుజామున ఓడ నుంచి ఎల్పీజీ ట్యాంకుకి ఎక్కిస్తుంటే లీకై, గ్యాసు మబ్బులా పరుచుకుని అంటుకుంది. 60 మంది దాకా పోయారు. మల్కాపురం, శ్రీహరిపురం జనం ఉన్నపళంగా పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. తర్వాత 2020 మే 7. ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి తెల్లవారుజామున మూడు గంటలప్పుడు ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ ముడిచమురు కాదు గానీ, బెంజీన్ నుంచి తయారయ్యే సరుకే. విచారణలో తేలిందేమిటి? ట్యాంకులో వేడి కొలిచే మీటరు అడుగున ఉంది, పైన లేదు. పైన కాగిపోతుంటే కింద మీటరు చల్లగా ఉందని చూపించింది. లాక్‌డౌన్‌లో చల్లబరిచే ఏర్పాటూ సరిగా నడపలేదు, సరుకు గడ్డకట్టకుండా కలిపే మందూ లేదు. ఒక మీటరు, ఒక మందు, ఒక చల్లటి నీళ్ళ పైపు. వాటి ఖరీదు 12 ప్రాణాలకన్నా ఎక్కువనిపించిందన్నమాట.

అయితే పెద్ద ప్రమాదాల గురించే రాస్తే చిన్న ప్రమాదం కళ్ళకి కనపడకుండా పోతుంది. ప్రమాదం జరిగిన రోజు మంత్రులొస్తారు, చెక్కులొస్తాయి, టీవీలొస్తాయి. రోజూ రబ్బరు సందులోంచి వచ్చే ఆవిరికి ఎవరూ రారు. అది ఏళ్ళ తరబడి పీల్చి రక్తం పాడైన మనిషికి చెక్కు ఎవరిస్తారు? అది ఏ ట్యాంకు పుణ్యమో ఎవరు రుజువు చెయ్యగలరు? కంపెనీలు నిశ్చింతగా ఉండేది అందుకే. పోయే ఆవిరి వాళ్ళ సరుకే, వాళ్ళకీ నష్టమే. కానీ అది పద్దుల పుస్తకంలో ఒక గీత కింద పోతుంది. సీలు మార్చాలంటే ట్యాంకు ఖాళీ చెయ్యాలి, పని ఆపాలి, డబ్బు ఈ నెలలోనే పెట్టాలి.

మూత ఉంది గదా అని కూడా నమ్మడానికి లేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో నోబుల్ ఎనర్జీ అనే కంపెనీకి వేల ట్యాంకులుండేవి. ఆవిరిని పట్టి కాల్చే ఏర్పాటు అన్నిటికీ పెట్టామని వాళ్ళ లెక్క. ప్రభుత్వం వాళ్ళు ప్రత్యేకమైన కెమెరాలతో వెళ్ళి చూశారు. మన కంటికి కనపడని ఆవిరి ఆ కెమెరాలో నల్లటి పొగలా కనపడుతుంది. చూస్తే మూతల్లోంచి లేస్తోంది! గొట్టాలు సన్నగా వేశారు, సోడా పొంగినప్పుడు వచ్చే గ్యాసంతా అందులోంచి పోలేక మూతల్ని తన్నుకుని బయటికొస్తోంది. 2015లో రాజీ కుదిరి బాగుచెయ్యడానికి 6 కోట్ల డాలర్లు, జరిమానా దాదాపు 50 లక్షల డాలర్లు ఒప్పుకోవాల్సొచ్చింది. అదే దేశంలో 2010 నుంచి 2014 లోపల ట్యాంకు మూత తీసి మట్టం కొలవడానికి వంగిన కూలీలు కనీసం తొమ్మిది మంది ఆ ఆవిరికి అక్కడికక్కడే చనిపోయారు.

ఈ కూలీల సంగతి మనది. ట్యాంకు అడుగున మడ్డి పేరుకుంటుంది. దాన్ని తియ్యడానికి కాంట్రాక్టరు ఎవర్ని దింపుతాడో నేను చెప్పాలా? ట్యాంకుకి ఉండే ఆ కంతని కూడా మ్యాన్‌హోల్ అనే అంటారు. మురుగు కాలవకీ అదే పేరు, చమురు ట్యాంకుకీ అదే పేరు, దిగేవాడి ఇంటిపేర్లూ చాలాచోట్ల అవే. మన పిల్లలకి లోపల ఉద్యోగాలివ్వాలని అడుగుతున్నాం, అడగాల్సిందే. కానీ ట్యాంకులోకి దింపడం ఒక్కటే ఉద్యోగమైతే దాన్ని ఉద్యోగం అనను.

ఇంకొకటి చెప్పాలి. దళితుల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. మనవాళ్ళు వాడుకునే నీటి వనరుని పాడుచేస్తే నేరమని అందులో ఉంది. 2015 సవరణలో కూడా ఆ మాట ఉంది, కుళ్ళు పదార్థాలు మన ఇళ్ళ ముందు పోస్తే నేరమనీ ఉంది. నీళ్ళ మాట అక్కడికి ఊరికే రాలేదు. 1927లో మహాడ్ చెరువు, 1985లో కారంచేడు చెరువు. నెత్తురు కార్చి రాయించిన వాక్యం అది. గాలి మాట మాత్రం అందులో ఎక్కడా లేదు. మరి గాలి పాడుచేస్తే? మేనేజరు మీద అట్రాసిటీ కేసు పెట్టమని నేను చెప్పట్లేదు, అది నిలబడదు. ఆ చట్టం మనిషి మనిషికి చేసే ద్రోహం కోసం రాసింది, కంపెనీ పైపు కోసం కాదు. కానీ నీటి గురించి ఆలోచించినట్టు గాలి గురించి మన ఉద్యమం ఇంకా ఆలోచించలేదనడానికి అదొక గుర్తు. సమితుల్లో దీని మీద చర్చ పెట్టమని అడుగుతున్నాను. నాతో తేడా ఉన్నవాళ్ళు రాయండి, వేస్తారు.

మేం ట్యాంకులు పీకెయ్యమనట్లేదు. మన ఇళ్ళల్లో గ్యాసు బండ ఉంది, ఊళ్ళో ఆటోలున్నాయి, చమురు లేకుండా రేపు తెల్లారదు. అడిగేది మూత సరిగా బిగించమని, బిగించారో లేదో మాకు చూపించమని.

చూపించమనడానికి దారులున్నాయి. 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తీసుకున్న కంపెనీ ప్రతి ఏడాదీ జూన్ 1న, డిసెంబరు 1న షరతులు ఎలా పాటిస్తోందో నివేదిక ఇవ్వాలి. అది పబ్లిక్ కాగితం, రహస్యం కాదు. కొత్త ట్యాంకులు కట్టాలన్నా, ఉన్నవి పెంచాలన్నా ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల్సిన ప్రాజెక్టయితే నెల రోజుల ముందు పేపర్లో ప్రకటన వేస్తారు. ఆ రోజు మనవాళ్ళు లారీల్లో వచ్చి బిర్యానీ పొట్లం తీసుకుని చెయ్యెత్తి వెళ్ళిపోతున్నారు. ఈసారి ఎవరైనా ఒక్కరు లేచి, సీలు సందు ఎంతుందో చెప్పమని అడగండి. మైకు లాక్కుంటారేమో, లాక్కోనివ్వండి. అడిగారని రికార్డులో పడాలి.

కంపు వచ్చినప్పుడల్లా ఒక నోటు పుస్తకంలో తారీకు, టైము, గాలి ఎటు నుంచి వస్తోంది, ఆ వేళ ఓడో ట్యాంకర్లో సరుకు దించుతున్నాయా, ఎవరికి ఏమైంది రాసి పెట్టండి. పదో తరగతి చదివే ఆడపిల్ల ఒకత్తి పేటకి ఉన్నా చాలు. మూడు నెలలు రాస్తే కంపు ట్యాంకు నింపేటప్పుడు వస్తోందా, ఎండెక్కినప్పుడు వస్తోందా తేలిపోతుంది. మొదటిది మూతల తగువు, రెండోది రంగూ గొట్టాల తగువు అని అప్పుడు మనమే చెప్పగలం.

సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు, దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్ళకి అదీ అక్కర్లేదు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం సమాచార అధికారికి పంపాలి. ఊరి పక్కన ఉన్నది రిఫైనరీ అయితే ఇలా రాయండి: "ఫలానా సంస్థకి మీరిచ్చిన నిర్వహణ అనుమతి పత్రం నకలు ఇవ్వండి. గత మూడేళ్ళలో ఆ సంస్థ తేలే కప్పుల ట్యాంకులకి సీలు సందులు కొలిచిన ప్రతిసారి తారీకు, కొలత, ట్యాంకు నంబరు ఇవ్వండి. సందు ఎక్కువున్నప్పుడు ఎన్ని రోజుల్లో బాగుచేశారో చెప్పండి. మా పేట దగ్గర గాలిలో బెంజీన్ ఎప్పుడు కొలిచారు, ఎంతొచ్చింది, కొలవకపోతే ఎందుకు కొలవలేదో ఆ ఫైలు నకలు ఇవ్వండి." ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చినా రాకపోయినా నకలు ఒకటి మన పత్రికకి పంపండి.